చెవి వెనక సొట్ట

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. డ్రాయింగ్ మాస్టర్‌ని, కొలతకు అందనిది నమ్మను. ఇప్పటికీ నమ్మననే అంటాను. అయినా ఇది నా ఇంట్లోనే జరిగింది.

అప్పటికి పోలీస్ యాక్షన్ అయి మూడేళ్లు. మా తమ్ముడు ఖాదర్ ఆ రోజుల్లో బట్టల మూటతో పల్లెలకు అమ్మకానికి వెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. మా నాన్న ఫొటోలు దిగనిచ్చేవాడు కాదు కాబట్టి వాడి ముఖం ఎక్కడా మిగల్లేదు. నాన్న కూడా పోయాక నేరేడ్‌మెట్ ఇంట్లో అమ్మా నేనే. అమ్మకు చూపు పూర్తిగా పోయింది. అయినా రోజూ నాచేత ఖాదర్‌కు కంచం పెట్టించేది. వాడు ఇక లేడని ఒప్పుకోమని ఆమెతో ఎన్నిసార్లు పోట్లాడానో.

ఆ ఏడు సికింద్రాబాద్‌లో మా బడి ప్రదర్శనకు ఆదిమానవుడి ముఖం చేయమన్నారు. వేల ఏళ్ల నాటి పుర్రెకు తీసిన ప్లాస్టర్ అచ్చు, ముఖంలో ఎక్కడ ఎంత కండ ఉంటుందో చెప్పే కొలతల కాగితం ఇచ్చారు. ఆ కొలతలకు అగ్గిపుల్లలు కోసి, అచ్చుకు అంటించి, వాటి కొసల దాకా మట్టి నింపాను. చెవుల వరకే చేశాను. వెనక వైపు ప్లాస్టర్ అలాగే వదిలేశాను.

బడి గది కురుస్తుంటే దాన్ని ఇంటికి తెచ్చాను. మా ఇళ్లలో బొమ్మ ముఖం బయటికి కనబడనివ్వరు. అందుకని చాప మీద పెట్టి, తెల్లగుడ్డ కప్పి, నీళ్లకు వెళ్లాను. నేను చేసిన పొరపాటు అదే.

తిరిగొచ్చేసరికి అమ్మ గుడ్డ తీసి ఆ ముఖం తడుముతోంది.

"ఖాదర్‌ను తెచ్చి నాకు చెప్పకపోతివేందిరా? ఇంత సల్లగున్నడు."

"అమ్మా, అది మట్టిబొమ్మ. బడి కోసం చేసిన."

"నా కొడుకును నేను ఎరుగనా?" అని చెవి వెనక వేలు ఆనించింది. "గీ సొట్ట చూడు. పాకేటప్పుడు రోలు మీద పడ్డడు. మీ నాయన పరేషాన్ అయితడని ఆయనకు సుత చెప్పలే. జుట్టుల దాగింది."

చూశాను. ప్లాస్టర్‌లో సొట్ట ఉంది. అది అచ్చుతోనే వచ్చింది.

అమ్మ మళ్లీ గుడ్డ కప్పి, మూడేళ్లలో మొదటిసారి ఖాదర్ కోసం ఏడ్చింది.

ముక్కు, పెదవుల తీరు ఎముక చెప్పదు. అక్కడ నా చెయ్యి తమ్ముణ్ణి తలుచుకుని ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సొట్ట సంగతి నాకు తెలియదు. అది అక్కడ ఎలా ఉందో ఈరోజుకీ చెప్పలేను.

ఆ పూట రెండు కంచాలు చాలంది అమ్మ. నేను మూడేళ్లుగా కోరుకున్నది అదే. ఆమెకు వినబడకుండా మూడో కంచం తీసి, వాడికి నేనే అన్నం వడ్డించాను.