ఎర్ర మూట కట్టిన సైకిలు

మూడో సైకిలు కూడా పోనాది. మొదటిది రైతుబజారు కాడ, రెండోది మా గుమ్మంలోంచి. ఇదేమో నాను పనికెల్లిన అపార్ట్‌మెంటు గేటు కాడ. తాళం కోసి పట్టుకుపోనాడు, ఎదవ. గొలుసు ముక్క మాత్రం ఒగ్గీసినాడు. అది సేత్తో పట్టుకుని రోడ్డు పక్కనే కూకుని ఏడిసినాను.

నాది పసిపిల్లలకి నీళ్ళు పోసే పని. కాళ్ళు సాపుకుని, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఒళ్ళంతా నూనె రాసి, నీళ్ళు పోసి, సాంబ్రాణి ఏసి తల్లి సేతికిత్తాను. మా ఇల్లు అరసవల్లిలో. పిల్లలేమో శ్రీకాకుళం టౌనంతా. ఎండెక్కకముందే అందరికీ పోసీయాల. సైకిలు నేకపోతే ఏ తల్లీ నా కోసం కాసుకుని కూకోదు. పోలీసులకి సెప్తే, "సైకిలుకి కంప్లైంటేటమ్మా, ఎల్లెల్లు" అన్నారు. మా ఆయన "దొంగలకి నువ్వే కొనిపెడతన్నావే" అని నవ్వినాడు. నాకు ఒళ్ళు మండిపోనాది.

నాలుగోది పాతది, తుప్పుది, కొన్నాం. అప్పుడే పాతపట్నం నుంచి మా తోటికోడలు వచ్చినాది. కత విని, "ఓసోస్, ఇంతేనా? ఎర్రగుడ్డలో నిమ్మకాయి, పసుపు, నల్లగాజు ముక్క, రెండు బొగ్గులు ఏసి మూట కట్టి హేండిలుకి తగిలించీ. సిల్లంగి అనుకుని ఏ దొంగా సెయ్యెట్టడు" అంది. సిల్లంగంటే సేతబడి. ఆ మాటింటే మావైపు మగోళ్ళు కూడా వణికిపోతారు. భలే ఆలోసనే అనుకుని కట్టీసినాను.

పని సేసినాది కూడా. తాళం మర్సిపోయినా సైకిలు ఉన్నసోటే ఉండీది. నానూ తోటికోడలూ ఫోన్లో తెగ నవ్వుకున్నాం.

తర్వాత ఒక ఇంట్లో "మా అమ్మ వచ్చింది, రేపట్నుంచి రావద్దులెండి" అన్నారు. ఇంకో ఇంట్లో పిల్లకి జలుబన్నారు. మూడో ఇంటి ముసలమ్మ మొకం మీదే అడిగీసినాది. "ఆ మూటేటే? పసిగుంటని ముట్టుకునేదానివి, సిల్లంగి మూటేసుకుని తిరుగుతావేటే?"

"ఓలమ్మా, దొంగల కోసం కట్టినానమ్మా! సూడండి, ఒట్టి బొగ్గులే" అని ఆళ్ళ ముందే మూట ఇప్పినాను. అదే నా కొంప ముంచినాది. నిమ్మకాయి దొర్లుకుంటూ గుమ్మం కాడికెల్లినాది. తల్లి పిల్లని గుండెకి హత్తుకుని లోపలికి పరుగెట్టినాది.

ఎన్ని ఒట్లెట్టుకున్నానో! ఎవులు నమ్ముతారు? ఆళ్ళని తిడదామన్నా నోరు రాదు. ఆ భయం ఉన్నాదనే కదా నానది కట్టినాను. మూట తీసుకెల్లి నాగావళిలో పారేసినాను గానీ, మాట అప్పటికే ఇల్లిల్లూ తిరిగీసినాది.

నిన్న పొద్దున్న ఆ ముసలమ్మోళ్ళ వీధంట ఎల్తంటే ఆ పిల్ల ఏడుపు ఇనిపించినాది. లోపల ఎవులో నీళ్ళు పోత్తన్నారు. నా కాళ్ళ మీద ఆ పిల్ల ఎప్పుడూ అలగ ఏడవనేదు. సైకిలు గోడకి ఆనించి గేటు దాకా ఎల్లి, "అమ్మా, ఈ ఒక్కసారి నాను పోత్తానమ్మా, డబ్బులొద్దు" అన్నాను. కిటికీ తలుపు మూసీసినారు.

ఏడుపు ఆగిందాకా అక్కడే నిలబడ్డాను. ఎనక్కి తిరిగి సూసినాను. సైకిలుకి మూట నేదు, తాళం ఎయ్యనేదు. అయినా ఉన్నసోటే ఉన్నాది.