బావ జోబులోని బిస్కెట్లు

నేను మెకానిక్‌గా పనిచేసిన విమానాల కంపెనీ మూతపడి పుదుచ్చేరికి తిరిగొస్తే, మా వీధి మొత్తం నాకు సంతాపం పాటించింది. సగం జీవితం ఆకాశాన్ని భుజాల మీద మోసినవాణ్ణి కదా, కనీసం నా లెక్కలో. చివరికి మా అక్క మొగుడే, తాను సూపర్‌వైజరుగా ఉన్న తట్టాంచావడి బిస్కెట్ ఫ్యాక్టరీలో నాకు పని అడిగాడు.

"ప్యాకింగు మిషను నిలబడిపోయుండాది. దాన్ని నడిపిస్తే పని నీదే. మొదలాళి ముందర నా మర్యాద నీ చేతిలో ఉండాది రా" అన్నాడు.

మిషను ఐరావతమంత ఉంది. అయినా నాకు నవ్వొచ్చింది. విమానం దగ్గరైతే పనికి ముందూ, పని ముగిశాకా పనిముట్లు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా విమానం కదలదు. బిస్కెట్లకు ఇంత మర్యాద ఎందుకని మొదటి లెక్క ఎగ్గొట్టాను. బెల్టు సరిచేశాక మాత్రం అలవాటుపడిన చెయ్యి ఊరుకోలేదు. లెక్కపెట్టింది. చిన్న స్క్రూడ్రైవరు లేదు.

"మిషను ఆన్ చెయ్యొద్దు" అన్నాను, మూడు వందల ప్రాణాలు నా గుప్పిట్లో ఉన్నట్టు. మూతలన్నీ విప్పించాను. బిస్కెట్ల కొండలు జల్లెడ పట్టించాను. ప్యాకింగు చేసే ఆడవాళ్ల టిఫిన్ డబ్బాలు తెరిపించాను.

"ఏంది సార్, ఇది ఎగిరేది కాదే" అన్నాడు మొదలాళి, అంటే ఫ్యాక్టరీ యజమాని.

మిగిలింది బావ ఒక్కడే. "జోబులు చూపించు బావా."

"నాయా?"

"రూలు అందరికీ ఒకటే."

ఆయన మెల్లగా జోబు బయటికి లాగాడు. కాగితం పొట్లం, అందులో విరిగిన బిస్కెట్లు. యజమాని మర్యాదగా ఫ్యాను వైపు చూశాడు.

అప్పుడే నా భార్య ఫోను. దాని గొంతు ఊరవతలున్న కాలాపేట దాకా వినిపిస్తుంది. "పొద్దున కుక్కరు పిడి బిగించి స్క్రూడ్రైవరు పొయ్యి పక్కనే పెట్టేసి పోయినారే. పనికి వద్దా మీకు?"

మిషను ఆన్ చేశారు. వీణలా పలికింది.

"సోమవారం నుంచి వచ్చేయండి సార్. జోబుల జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు యజమాని. నవ్వింది ఆయనొక్కడే.

బండి మీద బావ వెనక కూర్చుని, క్షమించమనడానికి నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒక బస్సు హారన్ కొట్టింది. నిజానికి ఆ దారిలో వచ్చింది ఒక్క బస్సే.

ఇంట్లో అక్క టీ గ్లాసులు పెట్టి, రోజూలాగే ఖాళీ ప్లేటు బావ ముందుకు జరిపింది.

"ఏందీ, ఈపొద్దు బిస్కెట్లు యాడ?"

నేను గ్లాసులోకి తల దూర్చేశాను.

"మిషను నిలబడిపోయింది లే" అన్నాడు బావ. "నీ తమ్ముడే బాగుచేసినాడు."