నాలుగు లైట్లు, ఒక చెయ్యి

ఆ రోజుల్లో బోధన్ రోడ్డు మీద ఎవరు ఎటు తిరుగుతారో తెలియాలంటే బండి లైట్లను కాదు, మనుషులను చూడాల్సి వచ్చేది. ఆటో నడిపేవాడు తిరిగే ముందు కాలు బయటికి చాపేవాడు. స్కూటరు వెనక కూర్చున్న ఆవిడ చెయ్యి చాపేది. చెరుకు ట్రాక్టరు మాత్రం ఏదీ చాపేది కాదు, తిరిగేదంతే. నేనప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం, ఫిజిక్స్ చదువుతున్నాను. అన్న అక్కడే ఒక ఎరువుల దుకాణంలో పనిచేసేవాడు, రోజూ మా ఊరి నుంచి పోతూపోతూ తన పాత మోటార్‌సైకిల్ మీద నన్ను కాలేజీ దగ్గర దించేవాడు. ఆ ఏడు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం మొదలై రోడ్డంతా చెరుకు ట్రాలీలతో నిండగానే అవ్వ (మా వైపు అమ్మనే అవ్వ అంటాం) తీర్పు చెప్పేసింది. "నీ బండి లైట్లు గుడ్డియి. పట్టపగలు ఎలిగినయో లేదో ఎనకటోనికి ఏం తెలుస్తది? సెరుకు సీజన్ ఒడిసేదాంక పిల్లను నిజామాబాద్‌ల సిన్నమ్మ ఇంట్ల ఉండనీ."

చిన్నమ్మ మంచిదే. కాకపోతే ఆ ఇంట్లో అందరూ బీడీలు చుట్టేవాళ్లు. వచ్చిన చుట్టానికి ముందు మంచినీళ్లు, ఆ తర్వాత కత్తెర అందేది. తునికాకు కత్తిరించడానికైనా నేను సిద్ధమే గానీ, అవ్వ పక్కన లేకపోతే నిద్ర పట్టదని డిగ్రీ చదివే పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది?

నా ముఖం చూసి అన్నే ఒక దారి కనిపెట్టాడు. అప్పుడప్పుడే కొత్తగా వస్తున్న ఎల్ఈడీ ఇండికేటర్లు నాలుగు కొనుక్కొచ్చాడు. ఎండలో కూడా కళ్లు జిగేలుమనిపించే రకం. ఆదివారం వాకిట్లో కూర్చుని వాటిని బిగించాం. ఫిజిక్స్ విద్యార్థినిని కాబట్టి నేను పర్యవేక్షించాను (అంటే టేపు చింపి అందించాను). అంతా అయ్యాక అన్న ఎడమ స్విచ్చి నొక్కితే నాలుగు లైట్లూ ఒక్కసారే టకటకా కొట్టుకున్నాయి. కుడివైపు నొక్కినా నాలుగూ అంతే. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. "ఎక్కువనే ఎలుగుతున్నయ్ గద చెల్లె! తక్కువైతే ఫికర్ గని," అన్నాడు అన్న. నాకూ సబబుగానే తోచింది. ఎల్ఈడీకి కరెంటు కొంచెమే చాలు, మిగిలింది అవతలి వైపుకు పోతోందని ఒక సిద్ధాంతం కూడా చెప్పాను.

అవ్వ మాటలతో ఒప్పుకునే మనిషి కాదు. "నేను ఎక్కి సూస్త," అంది. ముందు అన్న, నడుమ నేను, వెనక కాళ్లు రెండూ ఒక పక్కకు వేసుకుని అవ్వ. పెద్ద రోడ్డు మీద కొంత దూరం పోయి వెనక్కి వస్తూ, మా ఊరి దారికి కుడివైపు తిరగడానికి అన్న స్విచ్చి నొక్కాడు. మా వైపు నాలుగు లైట్లూ కలిసి కొట్టుకుంటే అందరికీ తెలిసిన అర్థం ఒకటే: నేను నేరుగా పోతున్నాను. (బండి ఆగిపోయినప్పుడు వేసేవని పుస్తకాల్లో ఉంటుంది. మా రోడ్డు పుస్తకాలు చదవదు.) వెనక వస్తున్న చెరుకు ట్రాక్టరతను కూడా అదే అనుకుని కుడి పక్కనుంచి మమ్మల్ని దాటబోయాడు. అన్న అటే బండి తిప్పబోయాడు. ఇంజను చప్పుడు నా చెవిలోనే వినబడి కళ్లు మూసుకున్నాను. ఎడమవైపు ముఖం పెట్టి కూర్చున్న అవ్వ కుడివైపుకు ఎలా తిరిగిందో గానీ, గాజుల చెయ్యి బారెడు చాపి, "ఆపు కొడుకా! మేం గిటు మలుగుతున్నం!" అని ఒకటే కేక.

ట్రాక్టరు ఆగింది. ఒక చెరుకు గడ జారి రోడ్డు మీద పడింది. "ఏంది తమ్మీ, నాలుగెలిగినయ్, సీదా పోతున్నవనుకున్న!" అన్నాడతను.

"కొత్త లైట్లన్నా," అని నసిగాడు అన్న.

"కొత్తయైతే పెండ్లిపందిరికి కట్టుకో! అవ్వ చెయ్యి కనవడకుంటే ఏమైతుండె?"

అవ్వ దిగి, ఆ పడ్డ గడను చేతిలోకి తీసుకుని ఇంటికి నడిచింది. బండి తోసుకుంటూ అన్న, వాడి వెనక నేను. ఆ గడ తినడానికో, మా వీపులకో ఇల్లు చేరేదాకా తెలియలేదు. చేరగానే నేను బట్టలు సర్దడం మొదలుపెట్టాను.

"ఏడికి?" అంది అవ్వ.

"సిన్నమ్మ ఇంటికి. నువ్వే గద అన్నవ్."

అవ్వ గడపలో కూలబడి గడ తోలు ఒలిచింది. "గాడుంటే నువ్వు ఇల్లు జేరినవో లేదో నాకెట్ల ఎర్కైతది? గీడనైతే సడక్ దిక్కు సూస్కుంటనన్న కూసుంట. లైట్లు మంచిగ జేస్కోండ్రి. చెయ్యి మాత్రం సాపాలె."

లైట్లు బాగుపడ్డాయి. బండి మీటరు దగ్గర, ఇండికేటరు వేశామని చూపించే చిన్న బల్బు గుండా కరెంటు అవతలి వైపుకూ పోతోందని, బొమ్మ గీసుకుని మేమే కనిపెట్టి దాన్ని పీకేశాం. అయినా సీజనంతా ప్రతి మలుపులో నా చెయ్యి చాచే ఉంది. కాలేజీలో నా పేరు 'ఇండికేటర్' అయింది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కానీ సాయంత్రం అన్న బండి మీద తిరిగొచ్చే వేళకు మా ఊరి మలుపులో అవ్వ నిలబడి ఉండేది. దూరాన నా చెయ్యి కనబడ్డాకే లోపలికి పోయి పొయ్యి వెలిగించేది.

ఇప్పుడు మా ఆయన బండికి లైట్లన్నీ చక్కగా పనిచేస్తాయి. అయినా తిరిగేచోట నా చెయ్యి దానంతటదే లేస్తుంది. "లైటు ఏసిన గద!" అంటాడాయన. మొన్న మా ఇద్దరి నడుమ కూర్చున్న మా చిన్నోడు కూడా బుజ్జి చెయ్యి బయటికి చాపాడు, అదీ తిరగని వైపుకు. "చెయ్యి లోపల పెట్టు నాన్నా, దెబ్బ తగుల్తది!" అని గట్టిగా కసిరాను.

అప్పుడు నా చెయ్యి బారెడు బయటే ఉంది.