నాయన ఇచ్చిన తడి

ఎండిన నేల కనిపిస్తే మా నాయన చేతులు ఊరుకోవు. ఎవరింటి ముందైనా పూలమొక్క వాడిపోయి ఉంటే, ఆ ఇంటివాళ్లను అడగకుండానే చెంబుతో నీళ్లు తెచ్చి పోసేస్తాడు. కనిగిరి బస్టాండులో సీసాలో నీళ్లు మిగిలితే అట్లే పారేయడు. చుట్టూ వెతికి ఏదో ఒక మొక్క మొదట్లో వంచి వస్తాడు, ఈలోపు బస్సు కదిలిపోతుందేమోనని నా ప్రాణం విలవిల్లాడుతుంది. బోర్లు ఎండిపోతే ట్యాంకర్లు తోలించి కొన్నాళ్లు బతికించుకుని, చివరికి బత్తాయి తోటను దగ్గరుండి కొట్టించిన మనిషి. అప్పటినుంచి ఈ జబ్బు ఇంకా ముదిరింది. హనుమంతునిపాడు వైపు ఇలాంటివాళ్లు ఇంటికొకరుంటారు కాబట్టి ఊళ్లో ఎవరూ పట్టించుకోరు. సముద్రం ఒడ్డుకు పోయి కూడా ఇదే పని చేస్తాడని మాత్రం నేను అనుకోలేదు.

నేను మా ఊరి హైస్కూల్లో సోషల్ టీచర్ని. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే వీధి. జిల్లాను విడగొట్టినప్పుడు కొంత తీరం పక్క జిల్లాకు పోయిందనీ, మిగిలిన సముద్రం మనదేననీ పాఠం చెబితే, మా పిల్లలు అదేదో పక్కింటివాళ్ల ఆస్తి సంగతి విన్నట్టు వినేవాళ్లు. వాళ్లలో చాలామంది సముద్రం చూడనేలేదు. అలాంటి సమయంలో తీరంలో ఉన్న ఒక జాలర్ల ఊరి బడికీ మా బడికీ జత కుదిరింది. వాళ్లు సముద్రపు తాబేళ్ల గుడ్లను కుక్కలూ నక్కలూ తినకుండా కాపాడతారు. మేము ఇక్కడ వాగులో పడే ప్లాస్టిక్కును వానలకు ముందే ఏరేస్తాం. ఒప్పందం అంతే. పిల్లలతో మాత్రమే అయ్యే పని కాదని ఊరి పెద్దల్నీ కలుపుకోమన్నారు.

మొదట్లో నాయన ఒప్పుకోలేదు. సముద్రం యాడ, మన వాగు యాడ అని నన్నే ఎగతాళి చేశాడు. మ్యాపు తెచ్చి, మన వాగు ఎన్ని వంకర్లు తిరిగినా చివరికి ఎక్కడికి పోతుందో వేలు పెట్టి చూపించాను. మన వానలన్నీ అక్కడి మబ్బులేనని కూడా చెప్పాను. మరుసటి ఆదివారం తనే నలుగురిని వెంటబెట్టుకుని వాగులో దిగాడు. తోటల్లో పరిచి పారేసిన ప్లాస్టిక్ షీట్లు, విరిగిన డ్రిప్పు పైపులు, ఎరువు సంచులు, టీ కప్పులు ట్రాక్టరు నిండా తీశారు. అందుకే ఎండాకాలం మొదట్లో తీరానికి బస్సు బయల్దేరినప్పుడు, ముందు సీటు తనదేనన్నట్టు అందరికన్నా ముందు ఎక్కి కూర్చున్నాడు.

ఒడ్డున కర్రలు పాతి, చుట్టూ వల కట్టిన జాగా ఉంది. తాబేళ్లు ఎక్కడెక్కడో పెట్టిపోయిన గుడ్లను తెచ్చి, అక్కడ ఇసుకలో గుంటలు తీసి పూడ్చారు. గుంటకొక పుల్ల గుచ్చారు. దాన్ని చూసుకునే ఆమె జాలరి ఇంటి మనిషి, ఇంచుమించు నా వయసుదే. నేను అక్కా అంటే ఆమె నన్ను మేడం అనేది. తల్లి తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిపోతుందనీ, ఇసుక వేడికే అవి పిల్లలవుతాయనీ పిల్లలకు ఓపికగా చెప్పింది. వినాల్సిన మనిషి మాత్రం అక్కడ లేడు. పంచె మోకాళ్లపైకి ఎగగట్టి అలల్లో నిలబడి, సముద్రపు నీళ్లు నోట్లో వేసుకుని ఉమ్ముతున్నాడు.

సరుగుడు తోపులో అన్నాలు తిని చేతులు కడుక్కోబోతే మా నీళ్ల క్యాను కనబడలేదు. మావి ఫ్లోరైడు ఊళ్లు. ఎక్కడికి పోయినా తాగే నీళ్లు క్యాన్లలో మోసుకుపోతాం. వెతుక్కుంటూ పోతే, వల లోపల చివరి గుంట పక్కన ఖాళీ క్యాను బోర్లించి ఉంది. గుంట మీది ఇసుక నల్లగా తడిసి ఉంది. నాయన నడుము మీద చేతులు పెట్టుకుని, మళ్లకు నీళ్లు కట్టినంత తృప్తిగా నిలబడి ఉన్నాడు.

ఎవరు పోశారని అక్క అడిగింది.

"నేనే తల్లీ. ఇసుక అంత కాల్తాంటే లోపల గుడ్లు ఉడికిపోవా? అందుకే ఒక తడి ఇచ్చినా. మిగతావాటికి నీళ్లు సాల్లేదు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఇసుకలో వేళ్లు దించి చూసింది. ముఖం మారిపోయింది. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. ఆమె కోప్పడలేదు.

"గుడ్డు కూడా ఊపిరి పీలుస్తుంది బాబాయ్. ఇసుక నీళ్లతో నిండితే లోపల పిల్లకి గాలాడదు."

ఆమె ఇంకొకరిని పిలిచి, పైనున్న తడి ఇసుకను చేతులతో మెల్లగా తీసేసి పొడి ఇసుక కప్పింది. లోపలికి ఎంత దిగిందో తెలీదనీ, తవ్వి చూడకూడదనీ, పిల్లలు పైకి వచ్చే రోజు దగ్గర్లోనే ఉంది కాబట్టి అప్పుడే తెలుస్తుందనీ నాతో చెప్పింది. ఈలోగా వాన పడితే మాత్రం ఆ గుంట మీద ఆశ వదులుకోవాలంది. తిరుగు ప్రయాణంలో నాయన ముందు సీటు వదిలేసి వెనక్కి పోయి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది, కానీ ఆ వాలిన తల చూశాక తిట్టడానికి నోరు రాలేదు. మమ్మల్ని మళ్లీ ఆ గడప తొక్కనిస్తారా అన్న దిగులు ఒకవైపు, నాయన ముఖం ఒకవైపు.

ఆ రోజు నుంచి నేను బడి నుంచి రాగానే నాయనది ఒకటే ప్రశ్న. "ఏంది పాపా, ఫోన్ వచ్చినాదా?" రాలేదంటే కండువా దులుపుకుని వెళ్లిపోయేవాడు. తోట కొట్టించిన రోజున కూడా అన్నం తిన్న మనిషి, ఇప్పుడు సగం ముద్దలు కంచంలో వదిలేస్తున్నాడని అమ్మ వచ్చి చెప్పింది.

అంతలో టీవీలో వాయుగుండం అన్నారు. మా వైపు ఆ మాట వింటే పెళ్లిపిలుపు అందినట్టే. సముద్రంలో అది పుడితే తప్ప మాకు గట్టి వాన ఉండదు. ఒక్క వాన పడితే వేసవి దుక్కులు అవుతాయి, బోర్లలోకి నీళ్లొస్తాయి, ట్యాంకర్ల బాధ తగ్గుతుంది. వీధంతా బయటికొచ్చి తూర్పు వైపే చూస్తోంది. ఎదురింటి అబ్బాయి సంబరం పట్టలేక, మామా ఈసారి మన పంట పండినట్టేనన్నాడు.

"పడకుంటేనే మంచిది," అన్నాడు నాయన.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఎండకు మతి చెడిందనుకున్నారేమో, మళ్లీ తూర్పుకే చూపు తిప్పుకున్నారు. వాన కోసం జీవితమంతా తలెత్తి చూసిన మనిషి నోటినుంచి ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మన మీద పడే వాన ముందు వాళ్ల మీద పడి వస్తుందని ఆయనకు అర్థమైంది. నేను మ్యాపులో చూపించిన దారిని ఆయన ఇప్పుడు వెనక్కి చదువుకుంటున్నాడు. మబ్బులు వచ్చాయి, గాలి లేచింది, రెండు రోజులు ఆకాశం మూసుకునే ఉంది. ఒక్క చినుకూ రాలలేదు. వీధి ఉసూరుమంది. నాయన మాత్రం ఆ పూట కాస్త అన్నం తిన్నాడు.

మరుసటి పొద్దున ఫోన్లో అక్క వీడియో పంపింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా నాయన దగ్గరికి పరుగెత్తాను. వీడియోలో, నాయన తడిపిన గుంట పుల్ల పక్కన ఇసుక కుంగింది. నల్లటి చిన్న చిన్న పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికొచ్చాయి. తర్వాత ఒడ్డున వదిలారు, పడుతూ లేస్తూ పోయి అలలో కలిసిపోయాయి. నాయన ఫోన్ను చెయ్యి చాపినంత దూరం పట్టుకుని ఎన్నిసార్లు చూశాడో. కళ్లు తుడుచుకుంటూనే నాతో వాదన పెట్టుకున్నాడు.

"నీళ్లలోకే గదా పోతాండాయి. మరి నేను పోస్తే తప్పేంది?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్ని రోజులుగా గుండెల మీద ఉన్న బరువంతా దిగిపోయింది. అక్కకు ఫోన్ చేసి ఆయన మాటే చెబితే ఆమె పగలబడి నవ్వింది. కొన్ని గుడ్లు పిల్లలు కాలేదనీ, అది ప్రతి గుంటలో ఉండేదేననీ, బాబాయ్‌ని బెంగపడొద్దనీ చెప్పింది. వచ్చే ఏడు తప్పకుండా తీసుకురమ్మంది. నీళ్ల క్యాను మాత్రం బస్సులోనే ఉంచి తాళం వేయమంది.

ఫోన్ నా చేతికిచ్చి నాయన బయటికి నడిచాడు. మబ్బులు ఇంకా తూర్పున ఆగే ఉన్నాయి. కండువా దులిపి భుజం మీద వేసుకుని, వాటి వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఇంక పడమను."