నేను వదులు చేసిన చూరు గొట్టం

నా చిన్నప్పుడు వాన మొదలయిందంటే మా ఇంట్లో మనుషులకన్నా ముందు గిన్నెలు వరండాలోకి పరుగెత్తేవి. యూనివర్సిటీ క్యాంపస్‌లో మా నాన్నకు ఇచ్చిన పెంకుల క్వార్టరు అది. చూరు పొడవునా వాననీళ్లు పట్టే రేకు దోనె, దాని చివర నీళ్లను కిందికి దించే గొట్టం ఉండేవి. పేరుకే ఉండేవి లెండి, అతుకు అతుకుకూ కారేది.

మా నాన్న అక్కడే డ్రాఫ్ట్స్‌మన్. ఆయన గీసిన గీతకు వంక పెట్టేవాడు లేడు. ఒక ఆదివారం నిచ్చెన వేసుకుని, రసమట్టంలో నీటిబుడగ సరిగ్గా మధ్యలో నిలిచేదాకా చూసి, దోనెను స్కేలు పెట్టి గీసినట్టు బిగించాడు. ఇరుగూపొరుగూ తెగ మెచ్చుకున్నారు. మర్నాటి వానకు అది నడిమధ్యలో పొంగి, వరండాలోని మంచాలన్నీ తడిపేసింది. అప్పుడు చూడాలి మా నాన్న మొహం!

ఆ రోజుల్లో మా తాతయ్య, అంటే నాన్నకు నాన్న, మా దగ్గరే ఉండేవాడు. నాయనమ్మ పోయాక పల్లెలో ఒంటరిగా ఎందుకని తీసుకొచ్చారు. సేద్యం తప్ప ఎరగని మనిషికి క్వార్టరులో ఏం తోస్తుంది? తార్నాక చౌరస్తా దాకా నడిచేవాడు, వచ్చి కూర్చునేవాడు, మళ్లీ నడిచేవాడు. "ఐతారం నేను ఊరికి పోత" అని మా అమ్మతో అనడం ఒకరోజు నా చెవిన పడింది. ఆయన పక్కన పడుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన వెళ్లడం మా నాన్నకూ ఇష్టం లేదు, కానీ ఉండమని నోరు తెరిచి అనే రకం కాదాయన.

దోనె పొంగినందుకు తాతయ్య మా నాన్నను పల్లెత్తు మాట అనలేదు. నాన్న ఆఫీసుకు వెళ్లాక నిచ్చెన వేసి, నన్ను తన ముందు మెట్టు మీద నిలబెట్టుకుని, దోనెలో చెంబెడు నీళ్లు పోసి ఒక వేపాకు వేశాడు. ఆకు కదలకుండా నిలబడింది. "నీళ్లు పల్లమెరుగు అంటరు. గీడ పల్లమే లేకపాయె, అవి మాత్రం ఏడికి పోతయి?" అన్నాడు. మడికి కాలువ తీసినంత ఓపికగా దోనెను గొట్టం వైపు రెండు వేళ్ల మందం దించి, అతుకులకు తారులో ముంచిన గోనెగుడ్డ అంటించి, మళ్లీ నీళ్లు పోశాడు. వేపాకు జర్రున జారి గొట్టంలో పడింది. సాయంత్రం నాన్న అడిగితే, నువ్వు బిగించినట్టే ఉన్నది, నేను జరంత దించిన అంతే, అన్నాడు.

తారు ఆరాలి, వానకు చూడాలి అంటూ ఐతారం ప్రయాణం ఆగింది. ఇంకేం, నాకు ఉపాయం దొరికింది. గొట్టాన్ని గోడకు పట్టి ఉంచే రేకు పట్టీకి ఒక స్క్రూ ఉండేది. తాతయ్య ఊరి మాట ఎత్తినప్పుడల్లా ఐదు పైసల బిళ్లతో దాన్ని వదులు చేసేదాన్ని. గొట్టం పక్కకు ఒరిగేది, నీళ్లు గోడ మీద పడేవి, ఆయన సర్దుకున్న సంచీని మేకుకు తగిలించి దాన్ని బిగించేవాడు. అలా మూడుసార్లు జరిగింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదని నేను తెగ మురిసిపోయాను.

నాలుగోసారి తిప్పుతుండగా తాతయ్య వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. నా చేతే స్క్రూ బిగింపజేసి, మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"గా పైపునెందుకు సతాయిస్తున్నవ్ బిడ్డా? ఉండు తాతా అని నోటితోని అడగరాదా? గీ ఇంట్ల నన్ను ఉండుమని ఒక్కరన్న అన్నరా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పోతా పోతా అంటున్నది ఎవరైనా ఆపుతారేమోననే అని అప్పుడు అర్థమయింది నాకు. మెడ పట్టుకుని, పోవద్దు తాతా, ఉండు అని వెక్కి వెక్కి ఏడ్చాను. "ఉంట తియ్," అన్నాడు.

ఆ వానాకాలమూ, పై ఏటి వానాకాలమూ ఉన్నాడు. తర్వాత పొలం చూసి వారంలో వస్తానని వెళ్లి, అక్కడే జ్వరంతో పోయాడు. వెళ్లేటప్పుడు నేను బడిలో ఉన్నాను. కర్మలన్నీ అయ్యాక మా నాన్న వరండాలో కూర్చుని, "ఒక్కసారన్న ఉండుమనకపోతి" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నాకిప్పుడు డెబ్భై దాటాయి, తార్నాకలోనే ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. ఇంటికి వచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటుంటే, ఇంకాసేపు ఉండమని సిగ్గు లేకుండా అడుగుతాను. ముసలమ్మ ఒక పట్టాన వదలదని లిఫ్టులో నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. మేమంతా ఉన్న ఇంట్లో మా తాతయ్య ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్లు ఎదురుచూశాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపు ఆగదు. ఆయన్ను ఇంకొక్కసారి ఉండమనాలని ఉంది.