ఏసీ షెడ్డు ఓనరు గారు సోంబరు

అరకులోయ చుట్టుపక్కల ఏ కారు ఏసీ పాడైనా చివరికి సోంబరు చేతికే వస్తుంది. ఊరు ఇంకా మొదలవక ముందే, రోడ్డు పక్కన నీలం రేకుల షెడ్డు ఉంటుంది. దాని మీద 'సోంబరు కార్ ఏసీ వర్క్స్' అని బోర్డు. చల్లటి కొండ మీద ఏసీ మెకానిక్‌కు పనేముంటుందని కొత్తవాళ్లు నవ్వుతారు. ఇక్కడి టాక్సీలు ఏరోజుకారోజు ఘాట్ దిగి వెళ్లాలి. కింద ఎండ మండిపోతుంటే వెనక సీట్లో వాళ్లు ఊరుకోరు. పైగా కొండవాతావరణం ఏసీకి పడదు. తేమకు పైపుల జాయింట్లు తినేస్తాయి, బురద కొట్టి కండెన్సర్ మూసుకుపోతుంది, వానలు పట్టాయంటే ఎలుకలు బ్లోయర్‌లో కాపురం పెడతాయి.

సోంబరు పని చూడాలంటే ఓపిక కావాలి. కొత్త డ్రయ్యర్ మూతలను బిగించే క్షణం వరకు విప్పడు. ఈ తడిగాలి తగిలితే లోపలి మందు అప్పుడే నీళ్లు పీల్చేసుకుంటుందంటాడు. వాక్యూమ్ పంపు తగిలించి, పైపుల్లో ఉన్న చెమ్మంతా పోయేదాకా పక్కన గొంతుక్కూర్చుని ఉంటాడు. గ్యాస్ మాత్రం తూకం వేసే ఎక్కిస్తాడు. కొండ మీది చల్లదనానికి గేజీ తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకాస్త ఎక్కిస్తే, బండి కిందికి దిగి వేడెక్కగానే కంప్రెసర్ ఆగిపోతుంది. అందుకే కంప్రెసర్ మార్చిన ప్రతి బండినీ తనే నడిపి ఘాట్ దింపుతాడు. బొడ్డవర దగ్గర ఎండలో ఆపి, గాలి వచ్చే చోట థర్మామీటరు గుచ్చి చూసుకుని, అక్కడి నుంచే వెనక్కి తిప్పేస్తాడు.

డ్రైవర్లు అతన్ని 'ఓనరు గారు' అంటారు. ఒకసారి నా కారు ఏసీ పని మీద నేను అక్కడ కూర్చుని ఉండగా టాక్సీ గోపి వచ్చాడు.

"ఓనరు గారూ, సొంత షెడ్డు పెట్టుకుని ఇంకా నేల మీద దొర్లుతున్నారేటండి? ఓ ఏసీ గది కట్టించుకుని కూకోండి."

"ముందు నీ బండిలో ఎలక్కి గది ఖాళీ సేయించు. నీ కన్నా అదే పెద్ద ఓనరు," అన్నాడు సోంబరు, డాష్‌బోర్డు కింద నుంచి తల బయటికి పెట్టకుండానే.

నవ్వుల్లో తేలిపోయే ఆ మాట వెనక సంగతి మాత్రం వేరు. షెడ్డు లక్ష్మీప్రసాద్‌ది. ఆయనది కింద శృంగవరపుకోట. సోంబరుకు మీసాలు రాని వయసులో ఆయన అక్కడి తన షాపులో అన్నం పెట్టి పని నేర్పాడు. కొండ మీద కూడా ఒక షెడ్డు పెట్టాలనుకున్నాడు గాని, ఏజెన్సీ చట్టం ప్రకారం గిరిజనులు కాని కిందివాళ్ల పేరున ఇక్కడ స్థలం ఉండకూడదు. దాంతో కరెంటు మీటరు, లైసెన్సు, బోర్డు అన్నీ సోంబరు పేరున పడ్డాయి. స్థలం సోంబరు పెదనాన్న భీముడిది, ఆయన చోళ్లు, అంటే రాగులు, చల్లుకునే మెట్ట చెక్క. మన కుర్రాడు సొంతంగా పెట్టుకుంటున్నాడని భీముడు సంతోషంగా ఇచ్చేశాడు.

ఊరి పూజారి కూడా భీముడే. షెడ్డు తెరిచిన రోజు ఊరి దేవత నిసాని రాయి ముందు కోడిని కోసి, "ఈ సోటు సోంబరుది" అని దేవతకు చెప్పాడు. లక్ష్మీప్రసాద్ కొత్త చొక్కా తొడుక్కుని చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు. పని నేర్పిన గురువు గదా అని ఊరివాళ్లు ఆయనకు ముందుగా ఆకు వేశారు. అది తనది కాదని సోంబరు ఆ రోజే చెప్పాల్సింది. అమ్మ ముఖం చూసి ఊరుకున్నానన్నాడు నాతో.

వాళ్ల ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. దేవతకు పేరు చెప్పించుకున్న చోటును విడిచి వేరే ఊళ్లో బతకబోయేవాడు, వేసవిలో విత్తనాలకు చేసే ఇటుకల పండగనాడు పూజారి ముందు నిలబడి దాన్ని ఎవరికి వదులుతున్నాడో చెప్పాలి. చెప్పకుండా పోతే ఆ ఇంటి విత్తనాలను పండగ గంపలో కలపరు. అన్ని ఇళ్ల విత్తనాలూ ఆ గంపలో కలిపి, దేవతకు చూపించి, మళ్లీ పంచుకుని చల్లుకుంటే గాని ఆ ఊళ్లో సేద్యం మొదలవదు. సోంబరు తల్లి, తమ్ముడు ఆ సేద్యం మీదే బతుకుతున్నారు.

ఇన్నేళ్లూ ఈ కట్టుబాటుతో అతనికి పని పడలేదు. ఈ వేసవిలో పడింది. భార్య రమణికి దూరాన సీలేరు ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. పండగ అవగానే వెళ్లి చేరాలి. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె చదువు కోసం ఒక చోట, అతను పని కోసం ఒక చోట ఉంటూ వచ్చారు. ఒకే ఇంట్లో ఉండే రోజు వచ్చిందని రమణి సంబరపడింది.

ఓ మధ్యాహ్నం కంప్రెసర్ మార్చిన కారును పరీక్షకు దింపుతూ ఆమెను కూడా ఎక్కించుకున్నాడు. బొడ్డవర ఎండలో కారు ఆపాక రమణి థర్మామీటరు చూసి అంకె చెప్పింది.

"బాగుంది," అన్నాడు.

"కారు బాగుంది సరే. మన మాటేటి? సీలేరులో ప్రాజెక్టు జీపులున్నాయి, ఏసీ పని సేసేవోళ్లు లేరట. అడిగొచ్చేను."

"పండగలో పేరు ఒగ్గాలి గదా."

"ఒగ్గీ మరి."

"ఎవులికని సెప్పను? ప్రసాదన్నయ్య పేరు సెప్తే పెద్దయ్య బతుకుతాడా? కిందోడికి నీ చెక్క అప్పగించీసేను అన్నట్టే గదా."

"మీ తమ్ముడి పేరు సెప్పు."

"వాడి మెడక్కూడా ఇదే తాడు కట్టమంటావా? రేపు వాడికీ పెళ్లాం వత్తాది."

కొండ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కకుండా సోంబరు ఏసీ కట్టేస్తే, రమణి అద్దం దించుకుని బయటికే చూస్తూ కూర్చుంది.

తర్వాత షెడ్డుకు వచ్చిన లక్ష్మీప్రసాద్‌ను, సీలేరు వెళ్లిపోతానని అడిగాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని సోంబరు అంటాడు.

"ఎల్లు తమ్ముడూ, నానేటి కాళ్లు కట్టీసేనా? పేరు నీదే ఉండనీ. అప్పుడప్పుడు వచ్చి మొహం సూపించిపో."

"మా ఊళ్లో అలాగ కుదరదన్నయ్యా. తెంపుకునే ఎల్లాల."

"తెంపుదామని ఆఫీసుకి ఎల్తే ఎవుడిది, ఎవుడు పెట్టేడని తవ్వుతారు. షెడ్డు పీకేత్తారు. ఇక్కడ పని సేత్తన్నోళ్లు ఎక్కడికి పోతారు సెప్పు? నువ్వు పెంచిన షెడ్డురా ఇది." వెంటనే, "అన్నం తిన్నావా?" అని అడిగాడు. తన క్యారేజీ విప్పి సగం పెట్టాడు. సోంబరు తిన్నాడు.

పండగ వచ్చింది. పండగ చందా కోసం రోడ్డుకు అడ్డంగా కర్ర పట్టుకుని ఆడవాళ్లు కార్లను ఆపుతున్నారు. థింసా ఆటకు డప్పులు మోగుతున్నాయి. నిసాని రాయి దగ్గర గంప పెట్టి భీముడు ఒక్కో ఇంటివాళ్లను పిలుస్తున్నాడు. సోంబరు వాళ్ల ఇంటి విత్తనాల మూట రమణి చేతిలో ఉంది. ఎవరి పేరు చెప్పాలో ఇద్దరూ చివరికి తేల్చుకోలేదు. షెడ్డు ఎవరిదో ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాననే అనుకుని వెళ్లాడు సోంబరు.

"ఈ గుంటకి సీలేరులో ఉద్యోగమట గదా," అన్నాడు భీముడు, రమణిని చూసి మురిసిపోతూ. తర్వాత అందరికీ వినబడేట్టు అడిగాడు. "సోంబరా, నీ సోటు ఏటి సేత్తన్నావు? ఎవులికి ఒగ్గుతున్నావు?"

సోంబరు నోరు తెరిచాడు. ఎదురుగా పెదనాన్న పసుపు చేతులు, వెనక తల్లి, పక్కన తమ్ముడు. ఊళ్లో చాలామందికి కింది నుంచి వచ్చినవాళ్ల వల్ల భూములు పోయిన కథలున్నాయి. పెదనాన్న ఇంట్లోనైతే ఆ కథ రోజూ వినబడుతుంది.

"ఒగ్గట్లేదు పెద్దయ్యా," అన్నాడు. "పండక్కి వచ్చేను, అంతే."

"అదీ మాట. మనోడి సోటు మనోడి దగ్గరే ఉండాల," అన్నాడు భీముడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. రమణి ముందుకొచ్చి మూట విప్పి విత్తనాలను గంపలో పోసింది. ఒక్క గింజ కూడా కింద పడనివ్వలేదు.

ఆ రాత్రి గొడవ పడతారని తల్లి భయపడిందట. వాళ్లు గొడవ పడలేదు. రమణి బట్టలు సర్దుకుంది. అతను ఆమె పెట్టె జిప్పుకు గ్రీజు రాసి బాగుచేశాడు. తెల్లారాక పాడేరు బస్సు దగ్గర కిటికీలోంచి ఆమె, "బేగి ఎల్లు, బండ్లు వచ్చీసి ఉంటాయి," అంది. నిజంగానే వచ్చేసి ఉన్నాయి. ఎండలు ముదిరాయి గదా.

ఇదంతా అతను నాకు ఒక్కసారిగా చెప్పలేదు. పైపుల రబ్బరు ఓరింగులు మారుస్తూ కొంత, పంపు ఆడుతుండగా కొంత చెప్పాడు. సీలేరు వెళ్లి చూసి రావచ్చు గదా అంటే, వేసవి పోనీ అన్నాడు. షెడ్డును అమ్మేయడమో మూసేయడమో చేయమని నాకు అనాలనిపించింది. తనది కాని దాన్ని అతను ఎలా అమ్ముతాడు? తన పేరున్న దాన్ని ఎలా మూస్తాడు?

మొన్న నేను అక్కడ ఉండగానే రమణి ఫోన్ చేసింది. చేతులకు నూనె ఉందని స్పీకరు పెట్టాడు.

"క్వార్టర్స్ ఇచ్చేరు," అంది. "మొగుడూ పెళ్లాలకయితే రెండు గదులది ఇత్తారట. ఎంతమంది ఉంటారని అడిగేరు."

"ఏటన్నావు?"

"ఒక్క గది సాలన్నాను."

సోంబరు విప్పిన కూలింగ్ కాయిల్‌ను ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. రెక్కల మధ్య ఇరుక్కున్న ఎండుటాకు ఒకదాన్ని పీకాడు.

"మంచి పని సేసేవు," అన్నాడు. "పెద్దదయితే ఊడ్సుకోలేవు."

అవతల ఆమె ఇంకా లైన్లోనే ఉంది. బయట ఎవరో హారన్ కొట్టి ఓనరు గారిని పిలిచారు.