మామ తిప్పి కట్టిన తీగలు

నా చిన్నప్పుడు మేము మంచిర్యాల దగ్గర బొగ్గుగనుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. పక్క క్వార్టర్లో ఒక మామ ఉండేవాడు. మాకు చుట్టమేం కాదు, పిలుపు వరస అంతే. గని వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం చర్చిలో పాటలకు గిటారు వాయించేవాడు. మా వాడకట్టు మొత్తానికి గిటారు ఉన్నది ఆయన ఒక్కడి దగ్గరే. ఆయన ఇంటి ముందు గద్దెమీద కూర్చుని వాయిస్తుంటే రోజూ గోడ పక్కన నిలబడి వినేదాన్ని. ఒకనాడు తనే పిలిచి గిటారు నా ఒళ్లో పెట్టాడు.

నాది ఎడమచేతి వాటం. మా దిక్కు పుర్రచెయ్యి అంటారు. బడిలో ఆ చేత్తో రాస్తే సారు వేళ్లమీద స్కేలుతో కొట్టేవాడు, ఇంట్లో ఆ చేత్తో తింటే అవ్వ మణికట్టు మీద ఒకటి వేసేది. గిటారు దగ్గరా అదే తంటా అయింది. కుడిచేత్తో తీగలు మీటమంటే నా చెయ్యి కట్టెలా బిగుసుకుపోయేది. నాలుగు రోజులు చూసి, ఐదోనాడు నేనే గిటారు పక్కన పెట్టాను.

"నాది పుర్రచెయ్యి మామా. నాకు రాదు."

మర్నాడు ఆయన డ్యూటీ దిగి వచ్చి, సన్నటి ఆకురాయి ముందేసుకుని కూర్చున్నాడు. ఆరు తీగలూ విప్పాడు. గిటారు మెడ దగ్గర తీగలు కూర్చునే గాట్లను రాకి, సన్న తీగ ఉన్నచోట లావు తీగ పట్టేలా వెడల్పు చేశాడు. తీగలన్నీ తిరగేసి బిగించి నా చేతికిచ్చాడు. "ఇగ పుర్రచేత్తోనే కొట్టు బిడ్డా" అన్నాడు. మొదటిసారి నా చెయ్యి హాయిగా ఆడింది. ఆ సంబరంలో మామ సంగతి నాకు తట్టనే లేదు.

ఆ ఆదివారం చర్చి కిటికీ దగ్గరికి వెళ్లి విన్నాను. మామ నాలాగే గిటారును తిప్పి పట్టుకుని వాయిస్తున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఒక్క తప్పూ చేయని మనిషికి వేళ్లు అందడం లేదు, పాట ముందుకు పోతుంటే గిటారు వెనకబడుతోంది. ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వి, మళ్లీ పాట అందుకున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సాయంత్రం వెళ్లి, తీగలు మళ్లీ ఎప్పటిలాగే కట్టుకోమన్నాను. మామ కుడిచెయ్యి చాపి చూపించాడు. వేళ్ల కొనలు బొబ్బలెక్కి ఉన్నాయి, అచ్చం నా వేళ్లలాగే.

"నీకు ఏడ నొస్తదో నాకు ఎర్కైతెనే గద, నీకు చెప్పొస్తది" అన్నాడు. "కూసో. ఇద్దరం నేర్సుకుందాం."

అలా వానాకాలం దాకా ఇద్దరం కలిసి తప్పులు చేశాం. కొన్నిసార్లు నాకే ముందు వచ్చేది, అప్పుడు ఆయన నన్నడిగి వేళ్లు సర్దుకునేవాడు. ఒకరోజు పాట మొత్తం ఆగకుండా వాయించాను. బాపు, అంటే మా నాన్న, మా వాకిట్లో నిలబడి నా చేతినే చూస్తున్నాడు. మర్నాడు డ్యూటీ బట్టలతోనే బడికొచ్చి, సారుతో నెమ్మదిగా చెప్పాడు, "పిల్ల ఏ చేత్తో రాస్తే ఆ చేత్తో రాయనీయుండ్రి సారూ." ఆ తర్వాత స్కేలు నా వేళ్లమీద పడలేదు. మామ కూడా రిటైరై ఊరికి పోయేదాకా గిటారును అట్లాగే వాయించాడు.

నేను తర్వాత కుట్టుపని నేర్పే టీచర్నయ్యాను. ఇప్పటికీ ఇంటికొచ్చిన పిల్లలకు నేర్పుతుంటాను. దాదాపు అందరిదీ కుడిచేతి వాటమే. కొత్త పిల్ల వస్తే, మొదటి రోజు కత్తెర నేనూ కుడిచేత్తోనే పట్టుకుని పక్కన కూర్చుంటాను. ఇన్నేళ్లయినా నా కోత వంకరే పోతుంది. పిల్లలు నవ్వుతారు. నవ్వనిచ్చి, ఇంకో గుడ్డముక్క తీసుకుంటాను.